పాత జర్మన్ పని పత్రాల నుంచి ఒక చేతివృత్తి మనిషి పనిజీవితాన్ని రాబట్టడం ఎలా: సమగ్ర మార్గదర్శి

జర్మనీలో స్థిరపడి, అక్కడి కుటుంబాల్లోకి పెళ్లి చేసుకున్న తెలుగువాళ్ల నుంచి తరచూ ఒక ప్రశ్న వస్తోంది. "మా ఆయన ముత్తాత తాళాల పనివాడట. అటక మీద పెట్టెలో పాత పుస్తకాలు, స్టాంపులు అంటించిన కార్డులు దొరికాయి. వీటితో ఆయన ఎక్కడెక్కడ పనిచేశాడో తెలుసుకోవచ్చా?"

తెలుసుకోవచ్చు. కాకపోతే వరస తప్పకూడదు. చాలామంది నేరుగా వెబ్‌సైట్‌లో పేరు కొట్టి, ఏమీ దొరక్క వదిలేస్తారు. పేరు కంటే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: ఫలానా ఏడాదిలో ఈయన పేరు రాసుకోవాల్సిన అవసరం ఎవరికి ఉంది? యజమానికా, బీమా సంస్థకా, పోలీసులకా, వృత్తి సంఘానికా? జవాబును బట్టే ఏ తలుపు తట్టాలో తేలుతుంది.

కింద చెప్పే అడుగులకు ఒక ఊహా మనిషిని పెట్టుకుందాం. 1888లో సాక్సనీలో కెమ్నిట్జ్ దగ్గరి పల్లెలో పుట్టిన ష్లోసర్, అంటే తాళాలు, ఇనుప అమరికల పనివాడు.

1. ఇంట్లో ఉన్న కాగితాలను ముందు సిద్ధం చేసుకోండి

పెట్టెలో కాగితాలు ఏ వరసలో ఉన్నాయో కదిలించకముందే ఫోటో తీయండి. ఒక కవరులో కలిపి ఉన్నవి ఒకే సందర్భానికి చెందినవి అయ్యే అవకాశం ఎక్కువ. ఆ వరస చెదిరితే మళ్లీ రాదు.

తర్వాత ప్రతి పేజీకీ రెండు వైపులా ఫోటో తీయండి, ఖాళీ పేజీలతో సహా. పాత సర్వీసు పుస్తకాల్లో ముద్రలు చివరి అట్ట లోపల కూడా ఉంటాయి.

☐ పుట్టిన తేదీ, ఊరు (ఊరి పేరుతో పాటు జిల్లా కూడా)
☐ మతశాఖ: ప్రొటెస్టంటా, క్యాథలిక్కా (చర్చి రిజిస్టర్లు ఎక్కడ వెతకాలో దీన్ని బట్టే ఉంటుంది)
☐ వృత్తి పేరు, పత్రంలో ఎలా రాసి ఉందో అలాగే
☐ కనిపించిన ప్రతి ముద్ర, ప్రతి నంబరు, అర్థం కాకపోయినా సరే
☐ చనిపోయిన తేదీ, దానికి రుజువు (ఆర్కైవ్‌లు అడుగుతాయి)

స్టాంపులు అంటించిన కార్డుల నుంచి స్టాంపులు ఊడదీయకండి. టేపు వేయకండి. లామినేషన్ అసలే వద్దు.

2. ఏడాదికో వరస చొప్పున పట్టిక గీయండి

ఎక్సెల్ అయినా, గీతల నోటు పుస్తకమైనా ఫరవాలేదు. పద్నాలుగేళ్ల వయసు నుంచి మొదలుపెట్టి ఏడాదికో వరస రాయండి. మన ష్లోసర్‌కైతే 1902 నుంచి. ఆ రోజుల్లో బడి చదువు ముగిసి శిష్యరికంలో చేరేది సుమారు ఆ వయసులోనే.

నిలువు గడులు ఐదు చాలు: ఊరు, యజమాని, చేసిన పని, ఏ పత్రంలో ఉంది, ఎంత నమ్మకం.

చివరి గడిని చాలామంది వదిలేస్తారు, అది పెద్ద నష్టం. యజమాని సంతకంతో ఉన్న తేదీ వేరు, మనిషి తానే చెప్పుకుంటే గుమాస్తా రాసుకున్న తేదీ వేరు, మనవరాలు విన్న మాట వేరు. మూడింటినీ ఒకే రంగు పెన్నుతో రాస్తే ఆరు నెలల తర్వాత ఏది ఏదో మీకే గుర్తుండదు.

3. చేతిరాతకు కొంత సమయం ఇవ్వండి

జర్మన్ బీ-వన్ స్థాయి వచ్చినా ఈ కాగితాలు చదవలేకపోతే కంగారు పడకండి. ఇప్పటి జర్మన్లలోనూ చాలామంది చదవలేరు. అది కుర్రెంట్ అనే పాత రాత. 1915 నుంచి ప్రష్యా (అప్పటి జర్మనీలో అతిపెద్ద రాష్ట్రం) బడుల్లో జ్యూటర్లిన్ అనే సులువైన రూపం వచ్చింది. 1941లో నాజీ ప్రభుత్వం ఈ రాతలను పక్కనపెట్టింది.

మొదట తడబడేది నాలుగైదు అక్షరాల దగ్గరే:

- చిన్న 'ఇ' అక్షరం 'ఎన్'లా కనిపిస్తుంది.
- 'యు' మీద చిన్న వంపు గీత ఉంటుంది. అదే దాన్ని 'ఎన్' నుంచి వేరుచేసే గుర్తు.
- పదం మధ్యలో వచ్చే పొడుగు 'ఎస్' అక్షరం 'ఎఫ్'లా కనిపిస్తుంది.
- 'హెచ్'కు పైనా కిందా రెండు మెలికలు ఉంటాయి.

నెలల పేర్ల దగ్గర ఒక ఉచ్చు ఉంది. పాత పత్రాల్లో '7' అంకె పక్కన 'బెర్' అని ఉంటే అది జులై కాదు, సెప్టెంబర్. అలాగే 8 అక్టోబర్, 9 నవంబర్, 10 డిసెంబర్. దీన్ని గమనించకపోతే తేదీలు రెండు నెలలు వెనక్కి జరుగుతాయి.

ట్రాన్స్‌క్రిబుస్ అనే సాధనం కుర్రెంట్ రాతను చాలావరకు చదివి పెడుతుంది. వాడండి. కానీ మనుషుల పేర్లు, ఊర్ల పేర్లు, అంకెలు మాత్రం మీ కంటితో అక్షరం అక్షరం సరిచూసుకోండి. అది తప్పు చేసేది ఎక్కువగా అక్కడే, మీకు కావలసినవీ అవే.

4. ఏ కాలానికి ఏ పత్రం: ఒక్కోదాన్ని చదివే పద్ధతి

4.1 శిష్యరికం, దేశసంచారం

శిష్యరికం ముగిసినప్పుడు ఇచ్చేది లేర్‌బ్రీఫ్. గురువు పేరు, ఊరు, మొదలు, ముగింపు తేదీలు ఉంటాయి. 1897 చట్టం తర్వాత శిష్యరికం మామూలుగా మూడేళ్లు, నాలుగు దాటకూడదు. అంతకంటే ఎక్కువ తేలితే మీరు తేదీ తప్పు చదివారేమో మళ్లీ చూడండి.

మీరు వెతికే మనిషి ఇంకా పాతకాలం వాడైతే రెండు పత్రాలు ఎదురవుతాయి. ఒకటి కుండ్‌షాఫ్ట్: 1731 నాటి సామ్రాజ్య వృత్తిచట్టం నిర్దేశించిన ధ్రువపత్రం, తరచూ పైన ఊరి బొమ్మతో అచ్చయి ఉంటుంది. రెండోది 19వ శతాబ్దంలో వచ్చిన వాండర్‌బూఖ్, సంచార పుస్తకం. పనివాడు ఊరూరా తిరుగుతూ దీన్ని పోలీసులకు చూపించేవాడు.

వాండర్‌బూఖ్ చదివేటప్పుడు ఒక్క సంగతి గట్టిగా పట్టుకోండి. పోలీసు ముద్ర ఉన్నంత మాత్రాన ఆ ఊళ్లో పని చేసినట్టు కాదు, ఆ ఊరి మీదుగా వెళ్లినట్టు మాత్రమే. ఇన్ని వారాలు పనిచేశాడని యజమాని రాసిన వాక్యం ఉంటేనే పని కింద లెక్క. పట్టికలో ఈ రెండింటినీ వేర్వేరుగా రాయండి. ఇలా వడకడితే ఇరవై ఊర్లు కనిపించిన చోట నిజంగా పనిచేసినవి నాలుగైదే మిగలవచ్చు.

4.2 స్టాంపుల కార్డు: అందరూ పక్కన పెట్టేది, అన్నిటికంటే పనికొచ్చేది

వృద్ధాప్య, వైకల్య బీమా చట్టం 1889లో వచ్చి, 1891 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. పదహారేళ్లు నిండిన కూలీకి ఒక క్విట్టుంగ్స్‌కార్టె ఇచ్చేవారు. పనిచేసిన ప్రతి వారానికీ యజమాని ఒక స్టాంపు కొని దాని మీద అంటించాలి.

ఈ కార్డు మీద యజమాని పేరు ఉండదు. మనిషి నడవడిక గురించి, పనితనం గురించి ఏదీ రాయకూడదని చట్టమే కట్టడి చేసింది. పనివాళ్ల మీద రహస్య మచ్చలు వేయకుండా పెట్టిన రక్షణ అది. అందుకే చాలామంది "ఇందులో ఏముంది" అని పక్కన పెట్టేస్తారు. కానీ చూడాల్సినవి నాలుగు ఉన్నాయి.

మొదటిది, స్టాంపు మీద అచ్చయిన బీమా సంస్థ పేరు. ఆ స్టాంపు ఏ ప్రాంతపు సంస్థదో, పని ఆ ప్రాంతంలో జరిగింది. సాక్సనీ స్టాంపుల మధ్యలో పది వారాల పాటు రైన్ ప్రాంతపు స్టాంపులు వచ్చాయంటే మన ష్లోసర్ ఆ పది వారాలు పడమటికి వెళ్లాడన్నమాట.

రెండోది, స్టాంపు మీద అడ్డంగా రాసిన తేదీ. స్టాంపును చెల్లిపోయినట్టు చేయడానికి రాసిన తేదీ అది. కాలరేఖకు ఇంతకంటే సన్నని కొలత దొరకడం కష్టం.

మూడోది, జీతం తరగతి. మొదట నాలుగు తరగతులు ఉండేవి: ఏడాదికి 350 మార్కుల (అప్పటి జర్మన్ కరెన్సీ) లోపు, 550 లోపు, 850 లోపు, ఆపైన. 1900లో 1150 మార్కులు దాటినవాళ్లకు ఐదో తరగతి చేర్చారు. తరగతి పెరిగిన వారం నుంచి మనిషి హోదా మారిందేమో వెతకండి. అయితే తరగతిని చాలాసార్లు స్థానిక సగటు కూలిని బట్టి కట్టేవారు కాబట్టి దీన్ని అసలు జీతంగా రాసుకోవద్దు.

నాలుగోది, కార్డు నంబరు, మొదటి కార్డు ఇచ్చిన సంస్థ పేరు. మీ చేతిలో ఉన్నది ఏడో కార్డు అయితే ముందు ఆరు నిండి వెళ్లాయని అర్థం. నిండిన కార్డులు మొదటి కార్డు ఇచ్చిన సంస్థకే చేరేవి. కాబట్టి మనిషి హాంబర్గ్‌లో స్థిరపడ్డా, మొదటి కార్డు సాక్సనీదైతే వెతుకులాట సాక్సనీలో మొదలవ్వాలి.

కార్డు అప్పగించినప్పుడు పనివాడికి ఒక లెక్క చీటీ ఇచ్చేవారు, ఏ తరగతిలో ఎన్ని వారాలు అని. కార్డులు పోయిన ఇళ్లలో కూడా ఈ చీటీలు తరచూ మిగులుతాయి. చిత్తు కాగితాలు అనుకుని పారేయకండి.

4.3 పని ధ్రువపత్రాలు

ఉద్యోగం వదిలేటప్పుడు యజమాని ఇచ్చేది త్సోయ్గ్నిస్. పొగడ్తల కంటే కారణం రాసిన వాక్యం ముఖ్యం. 'ఆఉఫ్ ఐగెనెన్ వున్ష్' అంటే తన ఇష్టంతో వెళ్లాడు. 'వెగెన్ ఆర్బైట్స్‌మాంగెల్' అంటే పని లేక తీసేశారు. 1930, 1932 మధ్య ఈ రెండో మాట ఎక్కువగా కనిపిస్తుంది. అప్పటి ఆర్థిక మాంద్యాన్ని గుర్తుపెట్టుకుని చదవండి.

1923 నాటి జీతం అంకెలను మాత్రం ఏ లెక్కలోనూ కలపవద్దు. ద్రవ్యోల్బణం వల్ల అవి కోట్లలో, ఇంకా పైన ఉంటాయి.

4.4 ఆర్బైట్స్‌బూఖ్

1935 ఫిబ్రవరి 26 చట్టంతో నాజీ ప్రభుత్వం తెచ్చిన పని పుస్తకం ఇది. ఉపాధి కార్యాలయం జారీ చేసేది. పనిలో ఉన్నంతకాలం యజమాని దగ్గరే ఉండేది. లోపల వరసగా గడులు: సంస్థ పేరు, ఊరు, ఏ రకం వ్యాపారం, చేరిన తేదీ, ఏ పని, వెళ్లిన తేదీ.

మొదటి పేజీల్లో చదువు, శిష్యరికం, అంతకు ముందు ఎక్కువకాలం చేసిన ఉద్యోగాల వివరాలు ఉంటాయి. అవి 1935కు ముందు కాలానికి మంచి దారి. కానీ ఆ సంవత్సరాలు మనిషి గుర్తున్న మేరకు చెప్పినవి. నమ్మకం గడిలో 'స్వయంగా చెప్పింది' అని రాయండి.

వరసల మధ్య తేదీలను కూడా చదవాలి. 1936 చివరి నుంచి లోహ, నిర్మాణ రంగాల్లో, మరికొన్ని రంగాల్లో, గడువుకు ముందే పని మానేసిన మనిషి పుస్తకాన్ని యజమాని తన దగ్గరే ఉంచుకోవచ్చు. పుస్తకం లేనిదే వేరే చోట పని దొరకదు. 1938 జూన్ నుంచి ప్రభుత్వం చెప్పిన చోటికి నిర్బంధంగా పంపే ఆదేశాలు వచ్చాయి. 1939 సెప్టెంబర్ నుంచి ఉద్యోగం మారడానికి ఉపాధి కార్యాలయం అనుమతి కావాలి. కాబట్టి 1938లో కెమ్నిట్జ్ మనిషి ఎక్కడో దూరాన కోట కట్టే పనిలో కనిపిస్తే, తన ఇష్టంతో వెళ్లాడని రాసేయకండి.

ఈ కాలంలోనే ఇంకో బరువైన విషయం ఉంది. యుద్ధకాలంలో జర్మన్ ఫ్యాక్టరీల్లో విదేశాల నుంచి బలవంతంగా తెచ్చిన పనివాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. మీరు వెతికే మనిషే అలా తెచ్చినవాడైతే బాడ్ ఆరోల్‌సెన్‌లోని ఆరోల్‌సెన్ ఆర్కైవ్స్ ముందుగా చూడాల్సిన చోటు, ఆన్‌లైన్‌లో ఉచితంగా వెతకవచ్చు. మీ మనిషి ఆ ఫ్యాక్టరీలో మేస్త్రీ అయితే, సంస్థ రికార్డుల్లో అదీ బయటపడవచ్చు. కుటుంబంలో పెద్దవాళ్లకు ముందే చెప్పి, వాళ్లు సిద్ధపడ్డాక ఆ పేజీలు తెరవండి.

4.5 తూర్పు జర్మనీ

1949 తర్వాత తూర్పున ఉండిపోయిన మనిషైతే, పని, సామాజిక బీమా వివరాలు కలిపి ఉన్న చిన్న పుస్తకం కోసం చూడండి. ఏటేటా సంపాదన, జబ్బుపడిన రోజులు కూడా ఉంటాయి. అక్కడి సంస్థల జీతాల కాగితాలను దాచి ఉంచాల్సిన చట్టబద్ధ గడువు 2011 డిసెంబర్ 31తో ముగిసింది. చాలా కాగితాలు ఆ తర్వాత నాశనమయ్యాయి. అందుకే ఇంట్లో ఉన్న పుస్తకమే కొన్నిసార్లు ఏకైక ఆధారం.

5. ఖాళీలను ఒక్కొక్కటిగా నింపండి

పట్టికలో ఖాళీ వరసలు కనిపిస్తాయి కదా. అసలు వెతుకులాట అక్కడ మొదలవుతుంది.

*1914–1918:* సైన్యంలోకి వెళ్లి ఉండవచ్చు. ప్రష్యా సైన్యపు వ్యక్తిగత రికార్డుల్లో అధికభాగం 1945లో పోట్స్‌డామ్‌లో బాంబుదాడికి కాలిపోయింది. బవేరియా సైనికుల రిజిస్టర్లు మ్యూనిక్‌లో మిగిలాయి. గాయపడ్డా, చనిపోయినా ముద్రిత నష్టాల జాబితాల్లో పేరు ఉంటుంది. జర్మన్ వంశవృక్ష సంఘం కాంప్‌జెన్ వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది. నైపుణ్యం ఉన్న పనివాళ్లను యుద్ధం మధ్యలో ఫ్యాక్టరీలకు వెనక్కి పిలిచేవారు. ష్లోసర్లు అందులో ముందుండేవారు.

*ఊరు తెలియని ఏళ్లు:* పట్టణ చిరునామా పుస్తకాలు చూడండి. పేరు, వృత్తి, వీధి ఉంటాయి. రెండు జాగ్రత్తలు. 1912 పుస్తకంలో ఉన్నది ఎక్కువగా 1911 చివరి పరిస్థితి. పైగా అందులో ఇంటి పెద్దలే ఉంటారు. అద్దె గదిలో పడుకునే కుర్ర పనివాడు కనిపించకపోతే ఊళ్లో లేడని అర్థం కాదు.

*సొంత షాపు పెట్టిన ఏళ్లు:* అప్పుడు ఆయన కూలీ కాదు, యజమాని. స్టాంపులు ఆగిపోతాయి. 1900 ప్రాంతంలో ఏర్పడిన వృత్తి మండలుల దగ్గర మాస్టర్ పరీక్ష (పూర్తి స్థాయి గురువుగా గుర్తించే పరీక్ష) రికార్డులు, 1929 నుంచి వృత్తిదారుల పట్టీ వెతకండి. స్టాంపులు ఆగిన ఏడాదే చిరునామా పుస్తకంలో 'ష్లోసర్‌మైస్టర్' (మాస్టర్ ష్లోసర్) అని వచ్చిందంటే రెండూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి.

*పెళ్లి, పిల్లలు:* ప్రతి జననం, ప్రతి పెళ్లి నమోదులో తండ్రి వృత్తి ఉంటుంది. ప్రష్యాలో 1874 అక్టోబర్ నుంచి, జర్మన్ సామ్రాజ్యమంతా 1876 జనవరి నుంచి పౌర నమోదు ఉంది. నలుగురు పిల్లలుంటే నాలుగు తేదీల్లో ఆయన వృత్తి, చిరునామా దొరికినట్టే.

6. వెతికేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పులు, వాటి మందు

*వృత్తికి ఒకే పేరుతో వెతకడం.* వడ్రంగి పనికి ఉత్తరాన టిష్లర్ అంటే దక్షిణాన ష్రైనర్. రేకు పనివాడు ఒకచోట క్లెంప్నర్, ఇంకోచోట ష్పెంగ్లర్ లేదా ఫ్లాష్నర్. ప్రాంతాన్ని బట్టి అన్ని పేర్లతోనూ వెతకండి.

*ఇప్పటి ఊరి పేరుతో వెతకడం.* కెమ్నిట్జ్ 1953 నుంచి 1990 దాకా కార్ల్-మార్క్స్-ష్టాట్. బ్రెస్లావ్ ఇప్పుడు పోలాండ్‌లోని వ్రోత్స్వావ్, అక్కడి కాగితాలు పోలాండ్ ప్రభుత్వ ఆర్కైవ్‌ల్లో ఉన్నాయి.

*చుక్కల అచ్చులను వదిలేయడం.* రెండు చుక్కలున్న 'ఏ' అక్షరం కొన్ని జాబితాల్లో 'ఏఈ' అని రెండక్షరాలుగా ఉంటుంది. రెండు రకాలుగానూ కొట్టండి.

*పేరు కలవగానే మన మనిషే అనుకోవడం.* ఒకే పేరు, ఒకే వృత్తి ఉన్నవాళ్లు ఒకే పట్టణంలో చాలామంది ఉంటారు. పేరుతో పాటు ఇంకో రెండు వివరాలైనా కలవాలి: పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, భార్య పేరు, వీధి, వీటిలో ఏవైనా. కలవకపోతే పెన్సిల్‌తోనే రాయండి.

7. సరైన ఆర్కైవ్‌ను ఎంచుకోండి

మొదట ఆర్కీవ్‌పోర్టాల్-డి అనే వెబ్‌సైట్‌లో ఊరు, సంస్థ పేర్లతో వెతకండి. జర్మనీలోని చాలా ఆర్కైవ్‌ల జాబితాలు అక్కడ ఒకేచోట దొరుకుతాయి. మనిషి పేరు కంటే సంస్థ పేరుతో వెతికితే ఫలితం ఎక్కువ.

- పట్టణ ఆర్కైవ్: చిరునామా పుస్తకాలు, నివాస నమోదు కార్డులు, వృత్తి సంఘాల పుస్తకాలు, గడువు దాటిన పౌర నమోదులు.
- రాష్ట్ర ఆర్కైవ్: ప్రభుత్వ కార్యాలయాల కాగితాలు. సాక్సనీలోనైతే జాతీయం చేసిన ఫ్యాక్టరీల పాత రికార్డులు కూడా. మన ష్లోసర్ కోసం కెమ్నిట్జ్‌లోని శాఖను అడగాలి.
- ఆర్థిక ఆర్కైవ్‌లు: కొలోన్, డోర్ట్‌మండ్, లైప్‌జిగ్ వంటి చోట్ల మూతపడ్డ సంస్థల కాగితాలు.
- సంస్థల సొంత ఆర్కైవ్‌లు: ఎస్సెన్‌లోని క్రుప్ ఉక్కు సంస్థ ఆర్కైవ్ 1905 నుంచీ ఉంది.
- చర్చి రిజిస్టర్లు: ప్రొటెస్టంట్లకు ఆర్ఖియోన్, క్యాథలిక్కులకు మాట్రికులా అనే వెబ్‌సైట్లు.

8. ఉత్తరం రాయండి

ఈమెయిల్ చాలు. జర్మన్‌లో, పది వాక్యాలు మించకుండా రాయండి. కుటుంబ చరిత్ర అంతా చెప్పవద్దు. ఆర్కైవ్ ఉద్యోగికి కావలసింది వెతకడానికి ఒక కొస.

☐ పూర్తి పేరు, పుట్టిన, చనిపోయిన తేదీలు, ఊర్లు
☐ వృత్తి, వెతకాల్సిన ఏళ్లు (నాలుగైదేళ్లకు మించకుండా)
☐ ఏ రకం పత్రం కావాలి (సిబ్బంది ఫైలు, పని పుస్తకం కార్డు, మాస్టర్ పరీక్ష)
☐ ఇప్పటికే మీ దగ్గర ఉన్న ఆధారం ఫోటో, ఒకటి
☐ మీకూ ఆయనకూ ఉన్న బంధుత్వం
☐ ఎంత రుసుము వరకు మీకు సమ్మతమో ఆ మొత్తం

రెండు చట్టపు విషయాలు. పౌర నమోదు కార్యాలయాల్లో జననాలు 110 ఏళ్లు, పెళ్లిళ్లు 80 ఏళ్లు, మరణాలు 30 ఏళ్లు గోప్యంగా ఉంటాయి. ఆ గడువులోపు కాపీ అడిగే హక్కు నేరుగా వంశంలో ఉన్నవాళ్లది. కోడలిగానో అల్లుడిగానో మీరు రాస్తే తిప్పి పంపవచ్చు. కాబట్టి మీ భర్త లేదా భార్య సంతకం చేసిన ఫోల్‌మాఖ్ట్, అంటే అధికారపత్రం, గుర్తింపు కార్డు కాపీతో జతచేయండి. జర్మనీ కేంద్ర ప్రభుత్వ ఆర్కైవ్‌లో వ్యక్తిగత ఫైళ్లు చనిపోయిన పదేళ్లకు తెరుచుకుంటాయి. మరణ తేదీ తెలియకపోతే పుట్టిన వందేళ్లకు. రాష్ట్రాల నియమాల్లో తేడాలుంటాయి. మరణ ధ్రువపత్రం ముందే జతచేస్తే ఒక విడత ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

9. "మా దగ్గర లేదు" అని జవాబు వస్తే

అక్కడితో ఆపకండి. మూడు ప్రశ్నలతో మర్యాదగా తిరిగి రాయండి. ఆ సంస్థ కాగితాలు ఏ ఆర్కైవ్‌కు వెళ్లాయి? ఆ ఏళ్ల సిబ్బంది జాబితాలు మిగిలాయా, పేర్ల సూచిక లేకపోవడమే సమస్యా? పేజీ పేజీ మీరే వచ్చి చదువుకునే వీలుందా?

రెండో ప్రశ్న చాలా పనికొస్తుంది. పేరు సూచిక లేని రిజిస్టరును ఉద్యోగి మీ కోసం కూర్చుని తిరగేయడు. కానీ చదువుకునే గదిలో అది మీ చేతికి ఇస్తారు. అలా వెళ్తే ముందుగా సీటు బుక్ చేసుకోండి, పెన్సిల్ తీసుకెళ్లండి, ఫోటోలకు అనుమతి, రుసుము ముందే అడగండి.

ఏ రిజిస్టరు చూశారో, దాని నంబరు, చూసిన పేజీలు, అందులో ఏమీ దొరకకపోయినా పట్టికలో రాయండి. వచ్చే ఏడాది మీ మరదలో, పిల్లలో మళ్లీ మొదలుపెడితే ఆ ఆర్కైవ్‌కే రాసి అదే రుసుము రెండోసారి కట్టకుండా ఉంటారు.